క్యాన్సరుకు కరెంటు వైద్యం – మధ్యలో మానితే ఏమవుతుంది?
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

  

ఒక సంగతి ముందే మనవి చేసుకుంటాను. నేను డాక్టరును కాను. క్యాన్సరు ఆస్పత్రిలో రేడియేషన్ మిషను నడిపిన టెక్నీషియన్ను. 1984లో చేరి 2017లో రిటైరైనాను. "చాచా, మన జమాతులో ఈ జబ్బు పేరు ఎక్కువగా వినబడుతున్నది, మీరు కళ్ళారా చూసినవారు, నాలుగు మాటలు చెప్పండి" అని కార్యదర్శి కోరినారు. కనుక మందుల సంగతి డాక్టర్లకే వదిలి, ముప్పై మూడేళ్ళు ఆ గదిలో నిలబడి చూసిన సంగతులు చెబుతాను. చివరికి మిమ్మల్ని ఒక కోరిక కూడా కోరతాను.

మన వైపు ఈ వైద్యాన్ని "కరెంటు పెట్టడం" అంటారు. ఈ మాటవల్లనే సగం భయం పుడుతున్నది. షాకు కొడుతుందేమో, ఒళ్ళు కాలుతుందేమో అని మిషను బల్ల మీద పడుకోగానే కలిమా చదువుకుంటూ వణికిపోయినవారిని ఎందరినో చూశాను. నిజానికి ఆ బల్ల మీద ఏమీ తెలియదు. నొప్పి లేదు, వేడి లేదు. ఛాతీ ఎక్స్‌రే తీయించుకుంటే ఏమైనా తెలుస్తుందా? ఇదీ అంతే. అదే జాతి కిరణాలు, బలం మాత్రం ఎక్కువ.

1895లో జర్మనీలో రోంట్‌జన్ అనే శాస్త్రజ్ఞుడు ఎక్స్‌రేలను కనిపెట్టినాడు. 1898లో మేడం క్యూరీ, ఆమె భర్త రేడియంను కనిపెట్టినారు. కోబాల్ట్ అనే లోహం నుంచి వచ్చే కిరణాలతో క్యాన్సరుకు వైద్యం 1951లో కెనడా దేశంలో మొదలైంది. మన తెలుగునాట హైదరాబాదులో 1955లో నవాబు మెహదీ నవాజ్ జంగ్ గారి పూనికతో క్యాన్సరు ఆస్పత్రి, రేడియం సంస్థ ఏర్పడినవి. తరువాత 1960లో గుజరాత్ రాష్ట్రానికి మొదటి గవర్నరుగా వెళ్ళిన పెద్దమనిషి ఆయన. రెడ్‌హిల్స్‌లోని ఆ ఆస్పత్రి నేటికీ ఆయన పేరుతోనే నడుస్తున్నది. ఏ మతంవాడని, ఏ ఊరివాడని అడగకుండా అక్కడ లక్షలమంది వైద్యం పొందినారు. పలుకుబడి ఉన్నవాడు దాన్ని ఏ పనికి వాడాలో ఆయన్ను చూసి తెలుసుకోవచ్చు.

ఇక ఈ కిరణాలు ఏం చేస్తాయో చూద్దాం. క్యాన్సరు కణం లోపల దాని పెరుగుదలను నడిపే దారం లాంటి పదార్థం ఉంటుంది. కిరణం దాన్ని తెంపుతుంది. పక్కనున్న మంచి కణాలకు కూడా దెబ్బ తగులుతుంది గాని, అవి రాత్రికి రాత్రి తమను తాము బాగుచేసుకుంటాయి. క్యాన్సరు కణానికి ఆ నేర్పు తక్కువ. అందుకే మొత్తం మందు ఒక్కసారే ఇవ్వకుండా రోజుకు కొంచెం చొప్పున, వారానికి ఐదు రోజులు ఇస్తారు. నోరు, గొంతు క్యాన్సర్లకు సుమారు 30 నుంచి 35 సిట్టింగులు, అనగా ఆరేడు వారాలు. గర్భసంచి ముఖద్వారం క్యాన్సరుకు బయటినుంచి సుమారు 25 సిట్టింగులు, ఆ తర్వాత లోపలినుంచి కొన్ని. వాటితోపాటు వారానికొకసారి ఇంజెక్షను కూడా చాలామందికి ఉంటుంది.

మధ్యలో మానేస్తే ఏమవుతుంది? మిరప చేలో తుంగ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. సగం చేను కలుపు తీసి, పెళ్ళికని వారం రోజులు ఊరికి పోతే తిరిగి వచ్చేసరికి ఏముంటుంది? ఇక్కడా అంతే. వైద్యం మొదలైన మూడు నాలుగు వారాలకు, మిగిలి ఉన్న క్యాన్సరు కణాలు మునుపటికంటె వేగంగా పెరగడం మొదలుపెడతాయి. గర్భసంచి ముఖద్వారం క్యాన్సరులో మొత్తం వైద్యం ఎనిమిది వారాల లోపల ముగియాలని నియమం. నోరు, గొంతు, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్లలో గడువు దాటి గడిచే ఒక్కొక్క రోజుకు జబ్బు లొంగే అవకాశం నూటికి సుమారు ఒక వంతు తగ్గుతూ పోతుంది. ఇరవై రోజులు మానితే ఎంత పోయిందో మీరే లెక్క వేసుకోండి.

ఈ లెక్క నాకు పుస్తకంలో ముందే తెలుసు. మనసుకు మాత్రం 1994లో తెలిసింది. మా పెద్ద ఖాలా కంభం దగ్గర పల్లెలో ఉండేది. చిన్నప్పటినుంచి ఆకు, వక్క, పొగాకు నమిలే అలవాటు. బుగ్గ లోపల పుండు లేచింది. ఆపరేషను చేసి, 30 సిట్టింగులు కరెంటు పెట్టించాలన్నారు. రంజాన్ పండుగ అయినాక మొదలైంది. నేనున్న ఆస్పత్రే, నా మిషనే. మొదటి రెండు వారాలు నవ్వుతూ వచ్చింది. మూడో వారంలో నోరంతా పూసింది. మంచినీళ్ళు తాగినా మంట. అంతలో మనవడి నికాహ్ వచ్చింది. "బేటా, నోట్లో నిప్పులు పోసినట్టుంది రా. పెళ్ళి చూసుకోని వస్తా. రెండు దినాలే గదా" అన్నది. ఇంట్లో పెద్దలు కూడా "కరెంటే ముసలామెను చంపుతా ఉండాది, కొంచెం తెరిపి ఇవ్వండి" అన్నారు.

అప్పటికి 17 సిట్టింగులు అయినవి. ఆమెను బస్సు ఎక్కించింది ఎవరనుకున్నారు? నేనే. డాక్టరుగారికి చెప్పకుండా, పెద్దల మాట కాదనలేక, నా చేతులతో ఎక్కించినాను. రెండు దినాలన్నది ఏడు వారాలైంది. నోరు మానింది, అన్నం తిన్నది, "చూడండి, కరెంటు మానితే ఎట్లా కోలుకున్నదో" అని అందరూ సంతోషించినారు. ఎనిమిదో వారంలో కుట్టు పక్కన గడ్డ తేలింది. మళ్ళీ తీసుకువచ్చినారు. "మిగిలిన పదమూడు పెట్టండి" అని నేను డాక్టరుగారిని బతిమాలాను. ఆయన నా ముఖం చూసి ఊరుకున్నారు. సగంలో ఆగిన వైద్యం ఆగినచోటి నుంచి మొదలు కాదు. పోనీ మొదటినుంచి పెడదామంటే, మంచి చర్మం, ఎముక ఇదివరకు తిన్న దెబ్బను మరచిపోవు. 1995 రంజాన్‌కు మా ఖాలా లేదు. చావుబతుకులు అల్లా చేతిలోనివి, కాదనను. బస్సు మాత్రం నేనే ఎక్కించాను.

అప్పటినుంచి నేను ఒక అలవాటు చేసుకున్నాను. సాయంత్రం గది మూసేముందు ఆ రోజు రాని రోగుల కార్డులు పక్కకు తీసేవాణ్ణి. వాటిలో ఎక్కువ భాగం మూడో వారం, నాలుగో వారం కార్డులే. రోగి తనంతట తాను మానడం తక్కువ. ఇంటివారు మాన్పిస్తారు. జబ్బుకు, వైద్యం వల్ల వచ్చే బాధకు తేడా తెలియక మాన్పిస్తారు. కనుక ఆ బాధలేమిటో, ఎప్పుడు వస్తాయో, ఎప్పుడు పోతాయో చెబుతాను, దయచేసి ఆడవారు కూడా వినండి.

మొదటిది అలసట. ఇది దాదాపు అందరికీ ఉంటుంది. రెండోది చర్మం. కిరణం పడిన మేర నల్లబడుతుంది, మండుతుంది, కొందరికి పొర లేస్తుంది. అక్కడ పసుపు, బామ్, అత్తరు, సున్నం వంటివి పూయకూడదు. సబ్బుతో రుద్దకూడదు. వదులుగా నూలు బట్ట కట్టుకోవాలి, ఎండ తగలనీయకూడదు. మిషను గురి కుదరడానికి ఒంటి మీద మేము సిరాతో గీతలు గీస్తాం. జుమ్మా స్నానం చేసి వాటిని శుభ్రంగా కడుక్కుని వచ్చినవారున్నారు! గీతలు చెరిగితే గురి మళ్ళీ కుదర్చవలసి వస్తుంది. వజూకు నీళ్ళు పోసుకోవచ్చు, రుద్దవద్దు. చర్మం పచ్చిగా ఉంటే తయమ్ముమ్‌కు అనుమతి ఉన్నది గదా, మౌల్వీగారిని అడగండి.

జుట్టు సంగతి. కిరణం పడినచోటనే రాలుతుంది. రొమ్ముకు పెడితే తలజుట్టు పోదు. ఇంజెక్షన్లవల్ల రాలడం వేరు.

నోరు, గొంతుకు పెట్టినవారికి మూడో వారంనుంచి నోరు పూస్తుంది, ఉమ్మి చిక్కబడుతుంది, రుచి పోతుంది. ఇది జబ్బు ముదిరినందువల్ల కాదు. వైద్యం ముగిసిన తరువాత సుమారు నాలుగు నుంచి ఆరు వారాలలో చాలామందికి మానుతుంది. రుచి రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా వంటసోడా కలిపి రోజుకు ఐదారుసార్లు పుక్కిలించాలి. కారం, ఊరగాయ, వేడివేడి కూర మానాలి. రాగిజావ, మజ్జిగ, పెసరకట్టు, మెత్తగా ఉడికించిన కిచిడీ, గుడ్డు, పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టాలి. మింగలేకపోతే ముక్కులోనుంచి సన్నని గొట్టం వేస్తామంటారు. ఇంటివారు దాన్ని చూసి చివరి ఘడియలే వచ్చినట్టు ఏడుస్తారు. అది నాలుగు వారాలు తిండి పోయడానికి వేసిన దారి మాత్రమే. బరువు పడిపోతే వైద్యం ఆగుతుంది. గొట్టం వైద్యాన్ని ఆగకుండా కాపాడుతుంది.

పళ్ళ సంగతి మన ప్రాంతంవారు మరీ జ్ఞాపకం పెట్టుకోవాలి. మన బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. గారపట్టి, పెళుసెక్కిన పళ్ళు మనకు ఇంటింటా ఉన్నవి. దవడకు కిరణాలు పడిన తరువాత పన్ను పీకితే ఎముక మానక కుళ్ళే ప్రమాదమున్నది. కాబట్టి పీకవలసిన పళ్ళు కరెంటు మొదలు కావడానికి రెండు వారాలు ముందే పీకించాలి. తరువాత ఎన్నేళ్ళకైనా సరే, పన్ను పీకించుకోబోయే ముందు "నాకు రేడియేషన్ ఇచ్చినారు" అని పళ్ళ డాక్టరుకు చెప్పి తీరాలి. నోరు బిగుసుకు పోకుండా రోజూ దవడ తెరిచి మూసే కసరత్తు కూడా చేయాలి.

గర్భసంచి ముఖద్వారానికి పెట్టినప్పుడు విరేచనాలు, మూత్రంలో మంట వస్తాయి. మాత్రలున్నవి, మజ్జిగ అన్నం, ఉప్పు పంచదార కలిపిన నీళ్ళు ఉన్నవి. లోపలినుంచి పెట్టే వైద్యమంటే మన ఆడవారు సిగ్గుతో, భయంతో వెనకాడతారు. బయటి సిట్టింగులు అన్నీ పూర్తిచేసి, "ఇది మాత్రం నాకొద్దు" అని ఇంటికి పోయినవారున్నారు. అమ్మల్లారా, ఆ వైద్యంలో అసలు దెబ్బ కొట్టేది అదే. దాన్ని వదిలితే పడిన బాధంతా వృథా అయినట్టే. ఆడ డాక్టరు, ఆడ నర్సు ఉండాలని అడగండి, అడగడంలో తప్పు లేదు.

మరొక మాట దాచకూడదు. కొన్ని బాధలు తరువాత వస్తాయి. నోరు పొడిబారడం కొందరికి ఎప్పటికీ ఉండిపోతుంది. మెడకు పెట్టినవారిలో కొందరికి థైరాయిడ్ తగ్గుతుంది, రక్తపరీక్షతో తెలుస్తుంది, రోజుకొక మాత్ర సరిపోతుంది. పొత్తికడుపుకు పెట్టినవారిలో కొందరికి నెలలో, ఏళ్ళో గడిచినాక విరేచనంలో రక్తం కనబడవచ్చు. వయసులో ఉన్న స్త్రీలకు ముట్టు ఆగిపోతుంది. చాలా ఏళ్ళకు, బహు కొద్దిమందికి, కిరణాలవల్లనే వేరొక క్యాన్సరు రావచ్చు. ఇవన్నీ తెలిసే డాక్టరు వైద్యం చెబుతాడు, ఎందుకంటే చెప్పకపోతే జరిగేది అంతకంటె పెద్దది.

ఇంకొక అపోహ. "కరెంటు పెట్టించుకున్నవారి పక్కన కూర్చుంటే మనకూ పాకుతుంది" అని కంచం, మంచం వేరు చేస్తారు. ఇది పూర్తిగా తప్పు. కిరణం గోడకు పడిన టార్చిలైటు వెలుతురు వంటిది. టార్చి ఆర్పితే గోడలో వెలుతురు మిగులుతుందా? బయటినుంచి పెట్టించుకున్న తల్లి ఇంటికి పోయి చంటిబిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు. థైరాయిడ్ క్యాన్సరుకు అయోడిన్ మందు తాగించినప్పుడు మాత్రం కొన్ని దినాలు విడిగా ఉండమంటారు. అది వేరే వైద్యం.

"వాడికి రెండు నిమిషాలు పెట్టినారు, నాకు ఒకటే పెట్టినారు, ఏమైనా ఇచ్చుకోవాలా?" అని నన్ను అడిగినవారు కూడా ఉన్నారు. కోబాల్ట్ ముక్క బలం సుమారు ఐదేళ్ళ మూడు నెలలకు సగమవుతుంది. కొత్త ముక్క ఉన్నప్పుడు ఒక నిమిషంలో అయ్యే పని, అప్పటికి రెండు నిమిషాలు పడుతుంది. జబ్బును బట్టి, లోతును బట్టి కూడా మారుతుంది. ఇప్పుడు చాలాచోట్ల లీనియర్ యాక్సిలరేటర్ అనే మిషన్లు వచ్చినవి. అవి నిజంగానే కరెంటుతో కిరణాలు పుట్టిస్తాయి, స్విచ్చి ఆపితే కిరణమే లేదు. గురి కూడా మెరుగు, పక్క అవయవాలకు దెబ్బ తక్కువ.

ఇంత బాధపడితే ఫలితమేమిటని మీరు అడగవచ్చు. అది ఏ దశలో వచ్చామన్నదాన్ని బట్టి ఉంటుంది. స్వరపేటిక క్యాన్సరు మొదటి దశలో రేడియేషన్ ఒక్కదానితోనే నూటికి తొంభై మంది వరకు నయమవుతారు. గర్భసంచి ముఖద్వారం క్యాన్సరు మొదటి దశలో వస్తే నూటికి ఎనభై మంది వరకు ఐదేళ్ళు దాటుతారు, మూడో దశలో వస్తే సగం మంది దాటడమే కష్టం. రొమ్ము మొత్తం తీయకుండా గడ్డను మాత్రం తీసినవారిలో, పదేళ్ళలో నూటికి 35 మందికి తిరగబెట్టే జబ్బు, రేడియేషన్ ఇచ్చినందువల్ల 19 మందికి తగ్గిందని పెద్ద పరిశీలనలో తేలింది. ఇక ఎముకలకు పాకి, నయం కాని స్థితిలో ఉన్నవారికి కూడా ఒకే ఒక్క సిట్టింగుతో నూటికి అరవై మందికి నొప్పి తగ్గుతుంది. రాత్రి నిద్రపోగలగడం చిన్న సంగతి కాదు గదా.

ఒక సంతోషపు సంగతి కూడా చెబుతాను. 2011లో మన వైపు ఒక మసీదు మౌజన్ గారికి రెండు నెలలు గొంతు బొంగురుపోయింది. జలుబే అనుకున్నారు. పలకల పనిలో ఉన్న ఆయన తమ్ముడు ఊరుకోకుండా తీసుకుపోయి చూపించినాడు. స్వరపేటిక మీద చిన్న మచ్చ, మొదటి దశ. ఏడు వారాల వైద్యం. నాలుగో వారానికి ఉన్న గొంతు కూడా పోయింది. సైగలతో మాట్లాడుతూ, "నా అజాన్ పోయింది" అని పలక మీద రాసి నాకు చూపించి ఏడ్చినాడు. మా ఖాలా జ్ఞాపకం వచ్చి, నేను ఆయన తమ్ముణ్ణి పక్కకు పిలిచి బస్సు కథంతా చెప్పినాను. ఆ మహల్లావారు వంతులు వేసుకున్నారు. వారానికొకరు సెలవు పెట్టి, బేరం మూసుకుని ఆయన వెంట ఉన్నారు. ఒక్క సిట్టింగు పోలేదు. మూడు నెలలకు గొంతు తిరిగి వచ్చింది. మునుపటంత పైకి పోదు, చివర కొంచెం వణుకుతుంది. ఫజర్ అజాన్ మాత్రం మళ్ళీ ఆయనే ఇచ్చినాడు.

ఇక నా కోరిక. మన మార్కాపురం, గిద్దలూరు, కంభాలలో రేడియేషన్ మిషను లేదు. గుంటూరో, కర్నూలో, తిరుపతో, హైదరాబాదో పోవలసిందే. వైద్యం ఖర్చుకు 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, ఇప్పుడు మన రాష్ట్రంలో ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరుతో నడుస్తున్నది. ఆ జాబితాలోని ఆస్పత్రులలో రేడియేషన్ కూడా అందులోకి వస్తుంది. రైల్వేవారు వైద్యానికి పోయే క్యాన్సరు రోగికి స్లీపరులో పూర్తి రాయితీ, తోడు వెళ్ళేవారికి నూటికి 75 వంతుల రాయితీ ఇస్తారు, ఆస్పత్రి ఇచ్చే ఫారం ఉంటే చాలు. ఈ సంగతి తెలియక డబ్బు పెట్టి టిక్కెట్టు కొన్నవారిని ఎందరినో చూశాను. అయితే ఆరేడు వారాలు ఊరుగాని ఊరిలో గది అద్దె, తిండి, పోయిన కూలి, ఇవి ఏ కార్డులోనూ రావు. మనుషులు మానేది ఇక్కడే.

కాబట్టి సంఘం మూడు పనులు చేయాలని కోరుతున్నాను. ఒకటి, జకాత్, సదఖా సొమ్ములో కొంత భాగం అర్హులైన ఇట్టి రోగుల బస, తిండి కోసం విడిగా ఉంచండి. రెండు, ప్రతి ఊరిలో వంతులవారీగా తోడు వెళ్ళే యువకుల పేర్లు, ఆడవారికి తోడుగా ఆడవారి పేర్లు రాసి పెట్టండి. మూడు, ఇది డబ్బుతో పనిలేనిది. ఇంట్లో ఒకరికి కరెంటు వైద్యం జరుగుతుంటే, అది ముగిసేదాకా ఆ ఇంట నికాహ్ పెట్టుకోకండి. తప్పనిసరి అయితే రోగిని పిలవకండి. రంజాన్ మధ్యలో వస్తే రోగికి రోజా విషయంలో దీన్‌లోనే సడలింపు ఉన్నది. తరువాత కోలుకుంటే పూర్తి చేసుకోవచ్చు, కోలుకోలేనివారికి ఫిద్యా ఉన్నది. దీన్ ఇచ్చిన వెసులుబాటును చుట్టుపక్కలవారు మాటలతో లాక్కోకూడదు.

చివరిగా, ఇంట్లో ఎవరికైనా మూడు వారాలకు మానని నోటిపుండు, తగ్గని బొంగురు గొంతు, రొమ్ములో గడ్డ, ముట్టు ఆగిన తరువాత రక్తం, ఇవి కనబడితే సిగ్గుపడి దాచకండి. పొగాకు, గుట్కా ఈ రాత్రే మానండి. వైద్యం మొదలైతే చివరి సిట్టింగు దాకా ఉండండి. "రెండు దినాలే గదా" అని ఎవరైనా అంటే, ఈ ముసలివాడు చెప్పిన బస్సు సంగతి జ్ఞాపకం చేసుకోండి.

జబ్బుతో ఉన్నవారందరికీ అల్లా షిఫా ప్రసాదించుగాక, వారికి తోడు నిలిచే ఓపిక మనకు ఇచ్చుగాక. ఆమీన్.